హాజీ దానం చేసిన ఐసు

మా కాటాఖాలీ బజారులో నేనంటే ఎవరికీ పడదు. నాకూ వాళ్ళంటే ప్రేమ కారిపోవడం లేదు గనుక ఇందులో ఎవరికీ నష్టం లేదు. వలలు అల్లుకునేవాడి కూతురు దిలారా చిట్టగాంగ్‌లో చదివి, ఢాకాలో ఉద్యోగం వెలగబెట్టి, చివరికి సొంత ఊరి ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని జనాల విరేచనాలు సీసాల్లో పట్టి చూస్తోందట! ఎదురుపడితే ఆపా, అంటే అక్కా, అంటారు. నాలుగడుగులు వేశాక పెంట డాక్టరమ్మ అంటారు. నా చెవులు బాగానే పనిచేస్తాయి.

ఆ ఏడు రంజాన్ మండుటెండల్లో వచ్చింది. నెల సగం కాకముందే కలరా దిగింది. పొద్దున చేపల బుట్ట మోసిన మనిషి మధ్యాహ్నానికి కళ్ళు గుంటలు పడి, వేళ్ళ చర్మం ముడతలు తేలి, బియ్యం కడుగు నీళ్ళలా విరేచనాలు పోతూ మా వరండాలో పడి ఉండేవాడు. సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చునేవాడు. ఎక్కించేలోపే ప్రాణం పోయినవాళ్ళూ ఉన్నారు.

కారణం ఎవరో బజారుకు నన్ను అడగకుండానే తెలిసిపోయింది. సెనోవారా అట. రోహింగ్యా మనిషి. సరిహద్దు నది దాటి వచ్చింది, భర్త దాటలేదు. కొండ మీది శరణార్థుల క్యాంపులో ఉండాల్సిన మనిషి అక్కణ్ణుంచి జారుకుని, చేపల వేలం షెడ్డు వెనక ఒక రేకుల గుడిసెలో ఇద్దరు ఆడపిల్లలతో కాపురం పెట్టింది. సాయంత్రం తోపుడు బండి మీద చింతపండు శర్బత్ అమ్ముతుంది. ఉపవాసం విడిచేవేళ దాని బండి చుట్టూ మూగే మగవాళ్ళే, జబ్బు రాగానే అది విషం కలిపిందన్నారు.

బజారు కమిటీ పెద్ద బదియుర్ హాజీ. ఐసు ఫ్యాక్టరీ ఆయనదే, ట్రాలర్లు ఆయనవే. ఆయన తీర్పు చెప్పేశాడు. శుక్రవారం ఇఫ్తార్ లోపల గుడిసె ఖాళీ కావాలి, ఆమెను పిల్లలతో సహా పోలీసులకు అప్పగించాలి. పోలీసులు ఇలా దొరికినవాళ్ళను తిరిగి క్యాంపుకు కాకుండా సముద్రం మధ్యలో ఉన్న దీవికి ఎక్కిస్తున్నారు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ వెనక్కి రావడం మేం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే సెనోవారా నా గది గుమ్మంలో నిలబడింది. సలాం లేదు, ఏమీ లేదు.

"మీ దగ్గర మిషనుందంట. పురుగు ఎవరిదో చెప్పేస్తదంట," అంది.

"పురుగు ఎవరి సొత్తూ కాదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తుంది."

"అదేలే. నా కాణ్ణుంచి వచ్చిందని చెప్తే నా పిల్లల్ని తీస్కుని నేనే పోతా. ఎవడూ గెంటక్కర్లేదు. కాదని చెప్పిందనుకో, మీరు బజార్లో నిలబడి గట్టిగా చెప్పాల. ఈ గదిలో కూచుని గొణుక్కోడం కాదు."

"నాకే షరతులు పెడుతున్నావా?"

"పెడతన్నా. పెట్టుకోడానికి నాకింకేం మిగిల్చారు మీ ఊరోళ్ళు?"

నాకు ఒళ్ళు మండింది. సాయం అడిగేవాళ్ళు కాస్త వంగి అడగాలని నాలోనూ ఎక్కడో ఉన్నట్టుంది. పైగా, నిజం చెప్పాలంటే, జబ్బు క్యాంపు నుంచే వచ్చి ఉంటుందని నేనూ అనుకుంటున్నాను. కిందటేడు క్యాంపులో కలరా వచ్చింది. అప్పటి పురుగులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అయినా ఆమె బండిలో మిగిలిన శర్బత్ ఒక సీసాడు తెమ్మని, సరేనన్నాను.

నా పని చెప్పుకుంటే పెద్ద మాయేమీ లేదు. పురుగుకీ మనకున్నట్టే జన్యువులుంటాయి, పొడుగాటి అక్షరాల వరసలాగా. ఒక పురుగు రెండు అయ్యేటప్పుడు ఆ వరసంతా మళ్ళీ రాసుకుంటుంది. రాసేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పోతుంది. ఆ తప్పు దాని పిల్లలకూ, వాటి పిల్లలకూ దిగుతుంది. బళ్ళో పరీక్షలప్పుడు ఇద్దరు పిల్లలు ఒకే తప్పు రాస్తే ఎవరు ఎవరి పేపర్లోకి తొంగి చూశారో పంతులుకు తెలిసిపోదూ? అంతే. అరచేతిలో పట్టే మిషనొకటి ఢాకా వాళ్ళు ఇచ్చారు. అది అక్షరాలు చదువుతుంది, నేను తప్పులు కలిపి చూస్తాను. ఒకే తప్పులున్న పురుగులది ఒకే ఇల్లు.

రోగుల శాంపిళ్ళు పెట్టెలో సర్దుకుంటూ ఉండగా హాజీ మేనేజరు ఫొర్కాన్ రిక్షా దిగాడు. గోనెసంచిలో ఊకతో చుట్టిన ఐసు గడ్డలు రెండు భుజాన వేసుకుని, ముఖమంతా నవ్వు పులుముకుని వచ్చాడు.

"ఆపా! హాజీ సాబ్ పంపించారు. ఎండకి మీ శాంపిల్సు పాడైపోతాయని ఒకటే బెంగ ఆయనకి. ఏ పెట్టెలో వెయ్యమంటారు?"

"బయట పెట్టు. ఆ సంచి ఈ పెట్టె దగ్గరికి తెచ్చావో, చేతులు విరగ్గొడతా."

"అదేందాపా! చేపకి ఐసు, రొయ్యకి ఐసు, ఆఖరికి శవానికి ఐసు. మీ పెంటకి మాత్రం చేదా?"

చేపల ఊరు మాది. ఏది చెడిపోకుండా ఉండాలన్నా ఐసులో పెట్టడం తప్ప ఇంకో ఆలోచన పుట్టదు ఇక్కడి బుర్రల్లో. అంతకు ముందు ఆసుపత్రి నర్సు కూడా ఇలాగే ప్రేమతో శాంపిళ్ళను ఐసులో పెట్టి ఒక రోజు పనంతా పాడుచేసింది.

"ఈ పురుగుకి చలి పడదయ్యా. ఐసులో పెడితే ముడుచుకుపోతుంది. తర్వాత ఎంత బుజ్జగించినా పెరగదు. పెరక్కపోతే నేను దేన్ని చదవను, నీ మొహాన్నా?"

"ముడుచుకుపోద్దంటే... చచ్చిపోద్దా?"

"చాలా మటుకు చస్తాయి. అన్నీ చావవు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే ఆగిపోయాను. గోనెసంచి తడిలోంచి గడ్డ అంచు కనబడుతోంది. దానిలో సన్నటి నాచు పోగొకటి గడ్డకట్టుకుని ఉంది.

"ఫొర్కాన్, ఇఫ్తార్‌కి ఇంటింటికీ పంచేది ఈ ఐసేనా?"

"ఇదే కదాపా! ఏటా పంచుతారు. బజార్లో ఏ ఇంట్లో శర్బత్ చల్లగా ఉందన్నా హాజీ సాబ్ చలవే. అంతా సవాబు కోసం, పుణ్యం కోసం. మీ అమ్మకీ నేనే ఇచ్చొచ్చా పోయిన వారం."

సరిగ్గా సరిపోయింది. అమ్మ ఆ ఐసుతోనే గులాబి శర్బత్ కలుపుకుంది. రెండు రోజులు మా వరండాలోనే పడుకుని లేచింది. ఫొర్కాన్‌ను పంపేసి, సంచి విప్పి, గడ్డ పైభాగం చెక్కేసి, లోపలి ముక్కను శుభ్రమైన సీసాలో కరిగించాను. ఆ నీళ్ళను పురుగుకు ఇష్టమైన ఉప్పు ద్రావణంలో పోసి వెచ్చగా ఉంచాను. నిద్రపోయినవి కొన్ని లేచాయి.

ఆ తర్వాత వచ్చిన ఫలితంతో నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రోగుల్లోని పురుగూ ఐసులోని పురుగూ అక్షరం తేడా లేకుండా ఒకే ఇంటివి. క్యాంపు పురుగు వీటికి దూరపు చుట్టం కూడా కాదు, దాని తప్పులే వేరు. ఢాకా వాళ్ళ దగ్గరున్న పురుగులతో కలిపి చూస్తే ఉత్తరాన మేఘనా నది ముఖద్వారంలో దొరికిన వాటితో మాది సరిపోయింది. హాజీ తన కొత్త ట్రాలర్ మీదికి మనుషుల్ని తెచ్చుకున్నది అక్కణ్ణుంచే. సెనోవారా శర్బత్‌లో మాత్రం ఏమీ పెరగలేదు. దాని చింతపండు పులుపుకు ఈ పురుగు బతకదు.

సీసా ఒకటి చంకలో పెట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. హాజీ తస్బీ పూసలు తిప్పుకుంటూ కుర్చీలో ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, గుండెకు ఆపరేషన్ అయింది. ఆయన వెనక ఖాళ్ కాలువ ఒడ్డున ట్రాలర్లు కట్టి ఉన్నాయి. ఒక్కో ట్రాలర్ తోకన గోనెపట్టా కట్టిన మరుగుదొడ్డి ఉంది, కింద ఉన్నది నీళ్ళే. ఆ నీళ్ళలోనే ఫ్యాక్టరీ మోటారు గొట్టం మునిగి ఉంది. నేను వంగి సీసా ముంచుకున్నాను.

"చాచా, ఈ ఐసు పంచడం ఆపండి. ఈ రోజే. నీళ్ళలో బ్లీచింగ్ కలిపేదాకా ఒక్క గడ్డ కూడా మనుషుల నోటికి పోకూడదు," అన్నాను.

"అది చేపల ఐసమ్మా. చేపలకి బ్లీచింగ్ వాసనొస్తే బేపారి కొంటాడా?"

"చేపల ఐసయితే మనుషులకెందుకు పంచుతున్నారు?"

ఆయన ముఖంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ కనిపించింది. "మా నాన్న పంచాడు. నేను పంచుతున్నా. రోజంతా ఎండలో ఉపవాసముండి వచ్చిన పేదోడి గొంతులో చల్లటి నీళ్ళు పోస్తున్నా. నువ్వు పుట్టకముందు నుంచీ మీ ఇంట్లో తాగిన ఐసు ఇదే. అప్పుడు లేని పురుగు ఇప్పుడొచ్చిందా? ఎవరు తెచ్చారో ఊరంతా చెప్తోంది. నీకే వినబడటం లేదు."

"తెచ్చింది మీ ట్రాలరే."

తస్బీ ఆగింది. "దిలారా, వలలల్లుకునే మీ నాన్నకి నూలు అరువిచ్చింది నేనే. ఎక్కడ మాట్లాడుతున్నావో చూసుకుని మాట్లాడు. కావాలంటే క్యాంపు అని చెప్పు, ఊరు నీకు దణ్ణం పెడుతుంది. చెప్పలేకపోతే నోరు మూసుకో. అది కూడా మంచి పనే."

జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాను. పండగ అయ్యాక చూద్దామన్నాడు అక్కడి పెద్దమనిషి. ఖాళ్ నీళ్ళలోనూ అదే పురుగు దొరికింది. ఇక శుక్రవారం మిగిలింది.

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత కమిటీ వాళ్ళు చేపల వేలం షెడ్డులో చాపలు పరిచారు. హాజీ పేరున బజారంతటికీ ఇఫ్తార్. మరమరాలూ శనగలూ పెద్ద బేసిన్లలో కలుపుతున్నారు, ఉల్లి పకోడీలు కుప్ప పోశారు. నడుమ ప్లాస్టిక్ డ్రమ్ములో గులాబి శర్బత్, దానిలో తేలుతూ హాజీ ఐసు. సెనోవారా తన గుడిసె గుమ్మంలో పిల్లల్ని ఆనించుకుని నిలబడి ఉంది. సామాను కట్టలేదు. నేను చెప్తానన్న మాట మీద కట్టకుండా ఉండిపోయిందని అర్థమైంది.

నేను నిలబడి మొత్తం చెప్పాను. ఒకే తప్పులు, ఒకే ఇల్లు, ఖాళ్, గొట్టం, ఐసు. ఈ ఆడదాని శర్బత్‌లో ఏమీ లేదని కూడా గట్టిగా చెప్పాను. ఒకడు అరిచాడు, "పురుగుకి పాస్‌పోర్టుందా ఆపా? ఏ దేశందో చదివేశారు!" షెడ్డంతా నవ్వింది. ఇంకొకడు, "ఐసు పగలగొట్టేది క్యాంపు కూలీలేగా, తిరిగి తిరిగి అక్కడికేగా!" అన్నాడు.

"క్యాంపు పురుగు వేరు అని చెప్తున్నాను, చెవుల్లో చేపపొలుసులున్నాయా?"

"పెంటలో చెయ్యి పెట్టే మనిషి మాకు శుభ్రం చెప్తోందిరోయ్!"

హాజీ చెయ్యెత్తితే అందరూ నోరు మూశారు. "అమ్మాయి చదువుకుంది. తప్పు పట్టకండి. కానీ నా ఐసులో విషముందంటే నా దానం విషమన్నట్టు. అది నేను పడలేను," అన్నాడు.

అప్పుడు నా నోరు నన్ను దాటి పోయింది. "అయితే తాగండి! ఆ డ్రమ్ములోంచి అందరి ముందూ ఒక గ్లాసు తాగి చూపించండి!"

"రోజాలో ఉన్నానమ్మా. ఇంకా ఉపవాసం విడవలేదు."

"అజాన్ దాకా ఉంటాను. నాకు తొందర లేదు."

అలా నేను ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఎవరూ కదల్లేదు. హాజీ వెనక్కి తగ్గుతాడని నా లెక్క. ఏదో వంక చెప్తాడు, కారులోంచి సీసా నీళ్ళు తెప్పించుకుంటాడు, ఆ ఒక్కటీ చాలు, ఈ మందకు నా అక్షరాలేవీ చెప్పలేనిది అది చెప్తుంది. ఫొర్కాన్ ఐసు ముక్కలు ఎక్కువ పడేలా ముంచి గ్లాసు హాజీ ముందు పెట్టాడు. జనం కూడా గ్లాసులు నింపుకుని ముందు పెట్టుకున్నారు. ఎర్రటి శర్బత్‌లో ఐసు మెల్లగా కరుగుతోంది. అందరి చూపూ హాజీ మీదే, నాది కూడా.

మసీదు నుంచి అజాన్ మొదలైంది. హాజీ బిస్మిల్లా అని ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. ఆపైన గ్లాసు ఎత్తాడు. కళ్ళల్లో ఇసుమంత అనుమానం లేదు. అప్పుడు తెలిసింది నాకు, ఈ ముసలాయన దొంగ కాదు, అబద్ధమాడటం లేదు, తన ఐసు పవిత్రమని నిజంగానే నమ్ముతున్నాడు. తాగేస్తాడు. ఆ గుండెతో, ఆ వయసులో, రోజంతా నీళ్ళు తాగని ఒంటితో ఈ పురుగు దిగితే ఆయన్ను నేను తిరిగి లేపలేను.

ఒక్క ఉదుటున ఆయన ముందుకు దూకాను, నా చెయ్యి లేచింది. గ్లాసు ఎగిరి సిమెంటు నేల మీద పడింది. ఆయన తెల్లటి పంజాబీ చొక్కా మీద ఎర్రటి మరక పాకింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత లేచింది అరుపు. "చూశారా! భయపడింది! హాజీ సాబ్ తాగితే ఏమీ కాదని దీనికి తెలుసు!" "బండారం బయటపడుతుందని కొట్టేసింది!" ఎవడో నా భుజం పట్టి వెనక్కి లాగాడు. నేను తాగొద్దని అరిచాను. ఎదురుగా ఉన్నవాడి మణికట్టు పట్టుకుంటే విదిలించుకుని, నా కళ్ళలోకి చూస్తూ, గ్లాసు మొత్తం ఒక్క గుక్కలో తాగి నోరు తుడుచుకున్నాడు. అది చూసి పక్కవాడు తాగాడు. అందరూ తాగారు. హాజీ కోసం, నా మీది కసితో, రోజంతా ఎండిన గొంతులతో తాగారు. హాజీ మాత్రం తడిసిన పంజాబీ మార్చుకోవడానికి ఫొర్కాన్ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు. పోతూ పోతూ, "దాన్నేం అనకండి, ఆడకూతురు," అన్నాడు.

గుడిసె రేకులు ఊడదీయడానికి ఎక్కువసేపు పట్టలేదు. తోపుడు బండి ఖాళ్‌లోకి తోశారు. పోలీసు వ్యాను ముందే వచ్చి ఉంది. సెనోవారా ఒక్క చుక్క కన్నీరు పెట్టకుండా పిల్లల్ని ఎక్కించింది. నేను వ్యాను దగ్గరికి పరిగెత్తాను.

"నేను చెప్పాను. అందరి ముందూ చెప్పాను. విన్నావుగా," అన్నాను.

"విన్నా. గిలాసెందుకు కొట్టావు?"

"తాగితే చచ్చిపోయేవాడు."

"అది నీకు తెలుసు. నాకూ తెలుసు. ఆయన తాగుంటే రేపు ఊరికీ తెలిసేది."

"ఒక మనిషి చస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

ఆమె వ్యాను తలుపు పట్టుకుని నా వైపు వంగింది. ఆ ముఖంలో ఉన్నంత ద్వేషం నేను ఆ షెడ్డులో ఎవరి ముఖంలోనూ చూడలేదు.

"అందరి చేతుల్లోనూ గిలాసులున్నాయి కదే. అజాన్ దాకా అందరి ముందరా ఉన్నాయి. నీకు కనబడింది హాజీ గిలాసొక్కటేనా?"

వ్యాను కదిలింది. ఆ వారమంతా మా వరండా, మెట్లు, చెట్ల కింద నేల కూడా మనుషులతో నిండిపోయింది. షెడ్డులో నన్ను చూసి నవ్వినవాడు వచ్చాడు, నా కళ్ళలోకి చూస్తూ తాగినవాడు వచ్చాడు, ఫొర్కాన్ వచ్చాడు. హాజీ ఒక్కడు మాత్రం రోగిగా రాలేదు, వాళ్ళను చూడ్డానికి పళ్ళు పట్టుకుని వచ్చాడు.